ముందు గడ్డి

పెద్దపల్లి స్టేషన్లో గూడ్సు డబ్బా నుంచి చాందిని దిగిన రోజు, చూసినవాళ్ళలో ఒక్కరు కూడా అది రేసు గుర్రమంటే నమ్మలేదు. నడుము ఎముక తాడులా పైకి తేలి ఉంది. తుంటి ఎముక మీద చొక్కా తగిలిస్తే జారకుండా నిలిచేది. ఊళ్ళోకి నడిపించుకొస్తుంటే వెనక కుక్కలు పడ్డాయి, అది తల కూడా తిప్పలేదు. ఆ సాయంత్రానికే ఊరు దానికి 'బొక్కల గుర్రం' అని పేరు పెట్టేసింది. మా వైపు ఊళ్ళకు పేరు పెట్టడంలో ఆలస్యం ఉండదు. అన్నం పెట్టడంలోనూ ఉండదు. ఈ కథంతా ఆ రెండో గుణం గురించే.

దాన్ని నడిపించుకొచ్చినవాడు రాజయ్య. జాగీర్లు ఉన్న రోజుల్లో దొర రేసు గుర్రాలను సాకే సాయీసు. దొర ఉండే గడీ వెనక కొట్టంలో చాందిని అతని చేతుల్లోనే పుట్టింది. నొసటి మీద తెల్లటి చుక్క చూసి ఆ పేరు పెట్టిందీ అతనే. రేసుల్లో దానికి ఏదో ఇంగ్లీషు పేరు ఉండేది. ఆ పేరుకు రాజయ్య నోరు తిరగలేదు, గుర్రం చెవి తిరగలేదు.

జాగీర్లు పోయాక కొట్టం ఖాళీ అయింది. దొర పట్నంలో అద్దె బంగళాకు మారాడు. రాజయ్య ఊళ్ళోనే ఉండి గడ్డి కోసే కూలీ అయ్యాడు. చాందిని చేతులు మారి, ఒక రేసులో కాలు బెణికి, ఇక పరిగెత్తదని తేలాక పట్నంలో ఎవరి కొట్టంలోనో ఆకలితో కట్టేసి ఉండగా దొర కంటపడింది. జాగీర్లు పోయిన మూడో ఏడు, రోహిణి ఎండల్లో, దాన్ని రైలెక్కించి తనే వెంట తెచ్చాడు.

"రాజిగా, మనింట్ల పుట్టిన పానమని తెచ్చిన," అన్నాడు దొర. "పీరీల పండుగకు మల్ల వస్త. అప్పటికి కండ పట్టిందా, గుర్రాల ఫారంకు పంపుత. పిల్లల్ని కని నిమ్మళంగ బతుకుతది. ఇట్లనే బొక్కలు తేలి ఉన్నదా, నేనే కాలుస్త. ఆకలితోటి ఎండుకపోయి సచ్చుడు కంటె అదే నయం."

అది బెదిరింపు కాదు. దొరకు గుర్రాలంటే ప్రేమ ఉంది, తుపాకీ కూడా ఉంది. రెండూ ఉన్న మనిషి మాట తప్పడని రాజయ్యకు తెలుసు.

ఇంటికి రాగానే రాజయ్య భార్య కొమురవ్వ గుర్రాన్ని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎవరూ చెప్పకుండానే పొయ్యి వెలిగించి, ఇంట్లో ఉన్న ఉలవలన్నీ కుండలో పోసింది. అవి ఉడికే వాసనకు చాందిని ముక్కు పుటాలు అదిరాయి. కొమురవ్వ కుండ ఎత్తుకొని వస్తుంటే రాజయ్య అడ్డం నిలబడ్డాడు.

"వద్దు. లోపల పెట్టు."

"ఎందుకయ్యా? పాపం, పేగులు ఎండుకపోయినయి దానికి."

"గందుకే వద్దు. గుర్రానికి కక్కు రాదే. కుక్క ఎక్కువ తింటె కక్కుతది. మనిషి కక్కుతడు. దీనికి ఆ తొవ్వ లేదు. లోపలికి పోయింది అరిగి అవుతలికన్న పోవాలె, లేకుంటె పానమన్న తీసుకపోవాలె. ముందు గడ్డి. దానా ఎనుక."

"ఎనుకంటే ఎప్పుడు?"

"అది చెప్తది."

దాన్ని ఇంటి వెనక కొట్టంలో కట్టేశారు. అట్లా మొదలైంది. రాజయ్య గరిక కోసుకొచ్చి, వాగులో మట్టి పోయేదాకా కడిగి, నీడన కొంచెం వాడనిచ్చి వేసేవాడు. ఒకేసారి మోపు వేయడు. కొంచెం వేస్తాడు, అది తిన్నాక ఇంకొంచెం. దాని కడుపు చిన్నది, ఆకలి పెద్దది అనేవాడు. పక్కన ఉప్పు గడ్డ, తొట్టి నిండా నీళ్ళు. గడ్డి బాగా అరుగుతున్నదని తెలిశాక గుప్పెడు గోధుమ పొట్టు తడిపి పెట్టాడు. మరికొన్నాళ్ళకు ఉడికించి చల్లార్చిన ఉలవలు ఆ పొట్టులో కలిపాడు. కొత్తది ఏదైనా పాతదానిలో కొద్దిగా కలపాల్సిందే గాని ఊరికే తొట్లో పోయడానికి వీల్లేదు. వెంట్రుకలకు నిగ్గు వస్తుందని అవిసె గింజలు ఉడకబెట్టి ఆ జిగురు పోసేవాడు. పొద్దున్నే లద్దె విరిచి చూసేవాడు. అందులో ఉలవ గింజ గింజలాగే కనబడిందా, ఆ రోజుకు ఉలవలు బంద్.

ఊరికి ఇదంతా వట్టి పిసినారితనంగా కనబడింది. పక్కింటి భూమవ్వ గోడ మీద నుంచి తొంగి చూసి ఊరుకునేది కాదు.

"ఏం రాజయ్యా, గింజలు ఏరి ఏరి పెడుతున్నవు! పెండ్లాన్ని గూడ గిట్లనే సాకుతున్నవా?"

"నా పెండ్లానికి కక్కొస్తది భూమక్కా," అనేవాడు రాజయ్య. వెనక నుంచి కొమురవ్వ నవ్వేది. ఆ ఇంట్లో ఆమె నవ్వు వినబడి చాలా ఏళ్ళయింది.

ఎడ్లను చూసిన కళ్ళకు గుర్రం అర్థం కాదు. ఊరి లెక్కలో నిండిన పశువంటే గుండ్రంగా ఉండాలి. "రేసు జాతిది గుండ్రంగ కావొద్దు," అని రాజయ్య అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాడు. "పక్కబొక్కలు కంటికి కానరావొద్దు, సేతికి తగలాలె. గంతే." ఛాతీ చుట్టూ ఒక తాడు చుట్టి చూసుకునేవాడు. వచ్చిన రోజు ఆ తాడు కొసలు జానెడు దాకా ఒకదానిమీద ఒకటి పడ్డాయి. వానలు పడి పచ్చ గడ్డి లేచాక బెత్తెడే పడ్డాయి. భాద్రపదం వెళ్ళేసరికి కొసకు కొస ముట్టుకుంది. ఆ రోజు రాజయ్య తాడు చేత్తో పట్టుకొని ఇంట్లోకి పరుగెత్తుకొచ్చాడు. "కొమురీ, అందుకున్నది! అందుకున్నది!" అని అరిచాడు. చాందిని మెడ వంపు తిరిగింది, చర్మం మీద ఎండ పడితే తళుక్కుమంటున్నది. రాజయ్య గొంతు వింటే చాలు, కాలు నేలకేసి కొడుతున్నది.

ఈ సంతోషంలో కొమురవ్వ ఒక మాట దాచింది. గుర్రం వచ్చిన వారానికే ఆమె పీరీలకు, అంటే మొహర్రంకు సావిడిలో కర్రలకు బిగించి నిలిపే వెండి పంజాలకు, మొక్కుకుంది. 'పీరీ సాబూ, ఇది బతికి బట్టకడితే దీన్ని నీ కాడికి తోలుకచ్చి, నీ ముందట నా చేత్తో మలీద తినిపిస్త.' గోధుమ రొట్టెలు నలిపి బెల్లం కలిపి ముద్దలు చేసేదే మలీద. మొహర్రంకు మా వైపు హిందువుల ఇళ్ళలో కూడా అది చేయని ఇల్లు ఉండదు.

మొక్కు అంటే కొమురవ్వకు ఎందుకంత భయమో ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆమెకు ఒక్కడే కొడుకు. వాడికి నడక వస్తే పీరీల దగ్గరికి నడిపించుకొస్తానని మొక్కింది. వాడు నడిచాడు. కాని ఆ ఏడు రజాకార్ల గడబిడలో ఊరంతా వాగు అవతల తలదాచుకుంది. వచ్చే ఏడు తీర్చుకుందాం లెమ్మన్నాడు రాజయ్య. వచ్చే ఏటికి పిల్లవాడు లేడు. జ్వరం తీసుకుపోయిందని రాజయ్య అంటాడు. మొక్కు తీసుకుపోయిందని కొమురవ్వ అంటుంది. ఒకే దుఃఖం, రెండు కారణాలు. ఆ రెండింటి మధ్య ఆ ఇద్దరూ కాపురం చేస్తున్నారు.

పీరీలు ఊరేగే రోజు వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం రైలు బండికి దిగుతానని దొర కబురు పంపాడు. రాజయ్య గడీలోని గూడు బండికి, కచ్చురానికి, ఎడ్లను కట్టాడు. బయలుదేరే ముందు చాందినికి గడ్డి వేసి, భార్యను పిలిచాడు.

"నేనచ్చేదాక దానా ముట్టియ్యకు."

కొమురవ్వ కచ్చురం దగ్గరికి వచ్చి, దాచిన మాట బయటపెట్టింది. రాజయ్యకు కోపం రాలేదు. మెల్లగా అన్నాడు. "మొక్కు నువ్వు తీర్సుకో. మలీద వండుకపో, పీరీకి పెట్టు, పదిమందికి పంచు. గుర్రాన్ని మాత్రం కొట్టం దాటియ్యకు."

"తోలుకచ్చి తినిపిస్తనన్న గదయ్యా. మాట మార్సుకుంటె పీరీ ఊకుంటడా? ఒకపారి సూసినం గద."

"ఈ ఒక్క పొద్దు ఆగు. రేపు దొర సూసి పోయినంక, నేనే పట్టుకొని వస్త."

"రేపు పీరీలు వాగుకు పోయి పెట్టెల పండుకుంటయి."

రాజయ్య కచ్చురం ఎక్కి పగ్గాలు అందుకున్నాడు. బండికి వేళవుతున్నది. "చెప్పిన, కొట్టం దాటియ్యకు," అని ఎడ్లను అదిలించాడు.

కొమురవ్వ గుంజకు ఆనుకొని చాలాసేపు కూర్చుంది. అటు పీరీల సావిడి దగ్గర డప్పులు మొదలయ్యాయి. 'వచ్చే ఏడు' అన్న మాట ఆమె ఒకసారి నమ్మింది. ఒక్క ముద్ద, చేతిలో పట్టేంత, పెట్టి వెంటనే తిప్పుకొస్తే ఏమవుతుంది అనుకుంది. ఒక్క ముద్దకు గుర్రం చావదు. ఆ మాట నిజమే. రాజయ్యను అడిగినా అదే చెప్పేవాడు.

సావిడి ముందు గుండంలో నిప్పులు కణకణలాడుతున్నాయి. చాందిని అక్కడికి రాగానే డప్పులు వాటంతటవే ఆగాయి. బొక్కల గుర్రం అని పిలిచిన నోళ్ళన్నీ తెరుచుకున్నాయి. నున్నటి ఒళ్ళు, ఎత్తిన తల, నొసట తెల్లటి చుక్క. కొమురవ్వ పీరీ ముందు నిలబడి, కళ్ళనీళ్ళు కారుతుండగా, మలీద ముద్ద అరచేతిలో పెట్టి చాచింది. చాందిని మెత్తటి పెదవులతో అందుకుంది. అంతే, మొక్కు తీరింది. కొమురవ్వ గుండె మీది బండ దిగిపోయింది. పగ్గం పట్టి వెనక్కి తిప్పబోయింది.

అప్పుడు పీరీలకు ఊదు వేసే ముజావరు ముసలాయన చేయెత్తాడు. ఆయనకూ కళ్ళు చెమర్చాయి.

"ఆగు బిడ్డా. గుర్రం సంగతి మీకెరుకేనా? కర్బలాల ఇమాం సాబు పడిపోయినంక ఆయిన గుర్రం ఒక్కటే డేరాకు వాపసొచ్చింది. జీను మీద మనిషి లేడు. నోట్లె నీళ్ళ సుక్క లేదు, కడుపుల దానా లేదు. డేరాల ఆడోళ్ళు దాని మెడ పట్టుకొని ఏడ్సిండ్రు. దానికింత పెడ్దామంటె ఆళ్ళకాడ గూడ ఏం లేకుండె."

ఇక ఊరిని ఎవరు ఆపుతారు? ఆ ఏడు సగం ఇళ్ళలో రెండో పూట పొయ్యి వెలగడం లేదు. ఆకలి అంటే ఏమిటో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర లేదు. అయినా పండుగకని దాచిన గోధుమలతో మలీద చేసుకొచ్చారు. పీరీకని తెచ్చినదంతా గుర్రం వైపు తిరిగింది. ముందు భూమవ్వ పెట్టింది. "ఇన్నొద్దులు గింజలు ఏరి పెట్టిండమ్మా నీకు, తిను," అని మూతి నిమిరింది. దానికి లాడాలు కొట్టిన కమ్మరి హనుమండ్లు, పీరీని ఎత్తేది కూడా అతనే, పీరీని పక్కవాడికి అందించి వచ్చి ఒక ముద్ద పెట్టాడు. తర్వాత వరసలు కట్టారు. ముసలమ్మలు, బాలింతలు, చంకలో పిల్లలున్న తల్లులు పిల్లల చేతులతో పెట్టించారు. మలీద అయిపోయినవాళ్ళు నానబెట్టిన శనగలు తెచ్చారు. ఒకామె ఇంట్లో మిగిలిన జొన్నలు ఒడి నిండా తెచ్చింది.

"చాలు, ఇగ చాలు," అన్నది కొమురవ్వ. ఒకసారి అన్నది, రెండోసారి అన్నది. ఆ జాతరలో ఎవరికి వినబడింది? ఇంకో మాట కూడా చెప్పాలి. ఆమె గొంతు గట్టిగా రాలేదు. కొడుకు పోయినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఎవరూ ఆమె ముందు ఇట్లా వరస కట్టలేదు. ఆమెకు గర్వంగా ఉంది. ఆకలి రుచి తెలిసిన గుర్రం పెట్టిందల్లా తిన్నది. ఏనుగంత ఒళ్ళున్నా దానికి 'చాలు' అనడం రాదు.

పెద్దపల్లి నుంచి వచ్చే తోవలో దొర ఒక్కటే అడిగాడు. "పక్కబొక్కలు ఎట్లున్నయిరా?"

"కంటికి కానస్తలేవు దొరా. సేతికి తగులుతున్నయి."

దొర నవ్వాడు. "అయితె ఇగ ఫికర్ లేదు. ఫారం మాట్లాడి ఉంచిన. నువ్వు గూడ దానెంబడి పో. నీ సెయ్యి లేకుంటె అది తినది."

రాజయ్య ఎడ్ల తోకలు మెలిపెట్టి తోలాడు. అంత సంతోషం అతను ఎక్కడ దాచుకోవాలో తెలియక ఎడ్లతో మాట్లాడుతూ వచ్చాడు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరారు. చాందిని కొట్టంలో గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. దొర దిగి, ఆ మసక వెలుతురులో గుండ్రటి పొట్ట చూసి మెచ్చుకోలుగా అన్నాడు. "శెబాష్! మంచిగ నిండింది గదరా!"

"చాందినీ," అని పిలిచాడు రాజయ్య. గుర్రం అతని గొంతు విని కాలు కొట్టలేదు. ఒంటి మీద చెమట తడి. అది మెడ తిప్పి తన పక్కనే చూసుకుంటున్నది, అక్కడ ఎవరో ఉన్నట్టు. రాజయ్య పొట్ట మీద చేయి వేశాడు, డప్పు చర్మంలా బిగిసి ఉంది. చెవి ఆనించి విన్నాడు. ఆరోగ్యంగా ఉన్న గుర్రం కడుపులో ఎప్పుడూ ఏదో ఒక గడబిడ ఉంటుంది. చాందిని కడుపులో ఏమీ లేదు.

"లోపల సప్పుడు లేదు దొరా," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. "ఎంత పెట్టినవ్?"

"ఒక్క ముద్ద," అన్నది కొమురవ్వ. "నీ తోడు, ఒక్క ముద్దే."

ఉప్పు నీళ్ళు పట్టారు. ఆముదం పోశారు. పడుకోనీయకుండా రాజయ్య ఒక పక్క, దొర ఒక పక్క పట్టి తిప్పారు. దొర తన కోటు తీసి దాని వీపు మీద కప్పాడు. అది మోకాళ్ళ మీద కూలబడి, దొర్లి, లేచి, మళ్ళీ కూలబడింది. నోరు తెరిచి మెడ చాచేది గాని బయటికి ఏమీ రాలేదు. రావడానికి తోవ లేదు. తెల్లవారేసరికి గిట్టలు ముట్టుకుంటే కాలుతున్నాయి, నాలుగు కాళ్ళూ దాన్ని మోయడం మానేశాయి.

దొర తుపాకీ తీశాడు. ఎముకలు తేలి ఉంటే కాలుస్తానన్నాడు. ఇప్పుడు ఎముకలు తేలి లేవు. రాజయ్య గుర్రం తల ఒళ్ళో పెట్టుకొని, నొసటి చుక్క మీద చేయి వేసి, దొర దగ్గరికి వచ్చాక ఆ చేయి తీశాడు. తుపాకీ శబ్దానికి ఊరంతా బయటికి వచ్చింది.

ఎవరూ అడగలేదు. అయినా చెప్పుకున్నారు. "నేను ఒక్క ముద్దే పెట్టిన," అన్నది భూమవ్వ. "మా బుడ్డోని సేతితోటి ఒక్క ముద్ద," అన్నది ఇంకొకామె. "నేను గూడ ఒక్కటే," "ఒక్కటే." ఒక్కరూ అబద్ధం చెప్పలేదు. తప్పు ఒక్కరిదైతే రాజయ్య వాడి గొంతు పట్టుకునేవాడు. ఊరందరి గొంతు పట్టుకోవడానికి మనిషికి రెండు చేతులు చాలవు.

దొర మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. గొయ్యి పూడ్చేముందు హనుమండ్లు, తాను కొట్టిన లాడాన్ని తానే ఊడదీసి పంచె కొంగులో కట్టుకున్నాడు. రాజయ్య చూశాడు, వద్దనలేదు.

ఆ ఏడంతా రాజయ్య, కొమురవ్వ పని మాటలు తప్ప మాట్లాడుకోలేదు. నీళ్ళు పెట్టు, తలుపెయ్యి, అంతే. అతను మళ్ళీ గడ్డి కోసే కూలికి పోయాడు. ఆమె ఇంట్లో గోధుమ పిండి తేవడం మానేసింది.

మళ్ళీ మొహర్రం వచ్చింది. ఈసారి సావిడిలో కొత్త పీరీ లేచింది. హనుమండ్లు ఆ లాడాన్ని తళతళ తోమి, వెదురు కర్ర కొసకు బిగించి, రంగు గుడ్డలు చుట్టాడు. గుర్రం లాడం పీరీని నాల్ సాహెబ్ అంటారు, అట్లాంటిది మన ఊరికీ వచ్చిందని ముజావరు ఊదు వేశాడు. చంపుకున్నదానికి మొక్కడం కూడా మా ఊళ్ళకు తెలుసు.

ఊరేగింపు రాజయ్య గుమ్మం ముందుకు వచ్చింది. ఆచారం ప్రకారం పీరీ ఎత్తినవాడి కాళ్ళ మీద పోయడానికి కొమురవ్వ నీళ్ళ చెంబుతో నిలబడింది. హనుమండ్లకు సవారి వచ్చింది. అంటే పీరీ ఒంటిమీదికి వచ్చింది. కళ్ళు మూతపడి, ఒళ్ళు ఊగిపోతూ, ఆ గుమ్మం ముందే నేలను కాలితో కొట్టడం మొదలుపెట్టాడు.

"ఆకలి! ఆకలైతుంది! మలీద తే!"

ఊరందరి చేతుల్లో మలీద ఉంది. ఎవరూ ముందుకు రాలేదు.

రాజయ్య ఇంటి వెనక నుంచి వచ్చాడు. చేతిలో పిడికెడు గరిక, కడిగినది, నీళ్ళు కారుతున్నది. నేరుగా పీరీ దగ్గరికి వెళ్ళి, ఒక చేత్తో కర్రను వంచి లాడాన్ని కిందికి దించాడు. చాందిని మూతి ఉండే ఎత్తుకు దించి, దాని ముందు గడ్డి పట్టుకున్నాడు.

"ముందు గడ్డి," అన్నాడు.

డప్పులు ఆగిపోయాయి. ముజావరు తలవంచుకున్నాడు. హనుమండ్ల ఒంటి ఊపు తగ్గి, కళ్ళు తెరుచుకున్నాయి. ఎదురుగా రాజయ్య ముఖం చూసి అతని మూతి వంకర పోయింది.

"నేను ఒక్క ముద్దే పెట్టిన మామా."

"ఎరుకనే బిడ్డా," అన్నాడు రాజయ్య. "అందరు ఒక్క ముద్దే పెట్టిండ్రు."

గడ్డి పట్టిన చేయి దించలేదు. కొమురవ్వ చెంబు కింద పెట్టి వచ్చి, అతని పిడికిట్లో నుంచి సగం గడ్డి తీసుకొని, పక్కనే తానూ చేయి చాచి నిలబడింది.